కింది అంచు కట్టని పడవ కిటికీలు

ముప్పై రెండేళ్ళ మనిషి "మా రోజుల్లో" అని మొదలుపెడితే నవ్వుతారని తెలుసు. అయినా నేను పని మానేసి ఏడాది దాటింది కాబట్టి ఆ మాట అనే హక్కు కొంచెం వచ్చిందనుకుంటున్నాను. ఛత్తీస్‌గఢ్‌లో, దుర్గ్ దగ్గరి హథ్‌ఖోజ్‌లో కిటికీలు, కేబిన్లు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు చేశాను. ఇప్పుడు ఆ దగ్గర్లోనే రుఆబాంధాలో ఇంట్లో ఉండి పాపను చూసుకుంటున్నాను. నా చోట చేరిన అమ్మాయి చదువు అవగానే నేరుగా పనిలోకి వచ్చింది. మొన్న ఫోన్ చేసి, "దీదీ, ఈ పనిలో ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడిగింది. చెప్పబోతుంటే పాప ఏడుపు అందుకుంది. అందుకని పాప పడుకున్నాక రోజుకు కొంచెం చొప్పున రాస్తున్నాను. కాగితాలు ఎలా నింపాలో ఆఫీసులో ఎవరైనా చెబుతారు. వాళ్ళు చెప్పనివి ఇక్కడ ఉన్నాయి.

కుర్చీ

నా ఉద్యోగానికి ఏ పేరు పెట్టినా, చేసే పని మాత్రం కిటికీ కన్నాలు కొలవడం. క్రేన్ నడిపేవాడి కేబిన్, లారీలు తూచే చోట ఉండే కేబిన్, ఇంజన్ డ్రైవర్ కేబిన్, ఇలా ఎక్కడ అద్దం పగిలినా, చట్రం వంగినా వెళ్ళి కొలిచి, బొమ్మ గీసి, చేయించి, దగ్గరుండి బిగించి రావాలి.

మొదటి నెలలో ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట వినిపించేది. "మేడమ్‌కి కుర్చీ వెయ్యండి." వాళ్ళకు దురుద్దేశం లేదు. నన్ను నీడలో కూర్చోబెట్టి, ఎవరో నిచ్చెన ఎక్కి పైనుంచి కొలతలు అరిస్తే నేను రాసుకుంటానని వాళ్ళ ఆలోచన. రెండుసార్లు అలాగే చేశాను, రెండుసార్లూ అద్దం సరిపోలేదు. మా ఫిట్టర్ డేనియల్ బాబాయ్ అప్పుడు చెప్పాడు. ఆయనది రైల్వే కుటుంబం, తాతల కాలంలో ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు.

"చూడమ్మా రేణుకా, ఆ కుర్చీలో కూర్చున్నంతకాలం నువ్వు చుట్టానివి. పైకెక్కినావా, పనిచేసే మనిషివి. ఏటి కావాలో నువ్వే తేల్చుకో."

మూడోసారి చున్నీ నడుముకు కట్టుకుని ఎక్కాను. కింద ఒకరిద్దరు నవ్వారు, తర్వాత మానేశారు. నువ్వూ ఎక్కు. భయం వేస్తే వెయ్యనీ, నాకు తొమ్మిదేళ్ళూ వేస్తూనే ఉంది.

దుమ్ము పాఠం

మొదటి ఏడాదిలోనే ఒక పెద్ద తప్పు చేశాను. ఎత్తైన షెడ్డులో తిరిగే క్రేన్ కేబిన్‌కు మూడు అద్దాలు మార్చాలి. వెడల్పు ఒకచోట, ఎత్తు ఒకచోట కొలిచి వచ్చాను. ఆ కేబిన్ ఎప్పుడో ఏదో తగిలి ఒక మూలకు ఒరిగి ఉంది, అది నేను గమనించలేదు. బిగించే రోజున ఒక అద్దం పక్కన వేలు దూరేంత సందు మిగిలింది. గుడ్డ కుక్కి వచ్చేశాం.

మా యజమాని సింహాచలం గారు విజయనగరం వైపు మనిషి. ఫిట్టర్‌గా మొదలుపెట్టి సొంతంగా షెడ్డు వేసుకున్నారు. ఆయన అరవలేదు. మర్నాడు నన్ను అదే క్రేన్ దగ్గరికి తీసుకెళ్ళి, "పైకెళ్ళి ఒక గంట కూకోమ్మా. మరేటీ సెయ్యక్కర్లేదు," అన్నారు.

ఆపరేటర్ పక్కన ముడుచుకుని కూర్చున్నాను. ఆ ఒక్క సందులోంచి వచ్చే దుమ్ము కళ్ళలోకి, ముక్కులోకి, పళ్ళ మధ్యకు చేరింది. ఆపరేటర్ ఒక చేత్తో రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో క్రేన్ నడుపుతున్నాడు. కిందికి దిగాక సింహాచలం గారు టేపు నా చేతికిచ్చారు. "ఇప్పుడు కొలు."

ఆ రోజు నుంచి ప్రతి కన్నాన్నీ అడ్డంగా మూడుచోట్ల, నిలువుగా మూడుచోట్ల, మూల నుంచి మూలకు రెండుసార్లు కొలిచాను. ఇంటికెళ్ళే ముందు మళ్ళీ ఒకసారి కొలిచేదాన్ని. నాది మొదటినుంచీ కంగారు స్వభావం, గ్యాస్ కట్టానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. ఇంట్లో ఎగతాళి చేసే ఆ గుణమే అక్కడ పనికొచ్చింది. నాలుగేళ్ళలో మా కేబిన్లకు ఒక పేరు వచ్చింది. లోపల తెల్లచొక్కా వేసుకుని కూర్చోవచ్చని ఆపరేటర్లే అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పొంగేది, ఇప్పుడు రాస్తున్నా పొంగుతోంది.

గర్వపడటం తప్పు కాదు. అయితే అదే గర్వంతో పడవ దగ్గరికి వెళ్ళాను.

పడవ

దుర్గ్ నుంచి రెండు గంటల దూరంలో ఉన్న ఒక జలాశయంలో దుకాలు అనే ఆయన పడవ నడుపుతాడు. కేవట్ కులం, తరతరాలుగా నీళ్ళ మీదే బతికినవాళ్ళు. ఇరవై మంది కూర్చునే మోటారు పడవ. పైన రేకు కప్పు, చుట్టూ పైపులకు కట్టిన కాన్వాసు తెరలు, మధ్యలో చూడటానికి ప్లాస్టిక్ ముక్కలు. ఆ ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారి అవతల ఏముందో కనపడటం లేదు. కాన్వాసు నిండా అతుకులే.

నేను మానేసే ముందు ఏడు, అనుమతి ఇచ్చే ఆఫీసువాళ్ళు ఖరాఖండిగా చెప్పారట, చిరిగిన తెరలతో మనుషుల్ని ఎక్కించడానికి వీల్లేదని, గట్టి కిటికీలు ఉండాలని. దసరా వెళ్ళాక తనిఖీ. అందులో తప్పితే చలికాలమంతా పడవ ఒడ్డు మీదే. దుకాలు ఇల్లు గడిచేది ఆ చలికాలంలో వచ్చే జనంతోనే. మా కేబిన్ల గురించి ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు.

"పడవ పని మేం ఎప్పుడూ చెయ్యలేదు భయ్యా," అన్నాను నేను.

సింహాచలం గారు నా మాట పూర్తికానివ్వలేదు. "కరిగిన ఇనుం మీద తిరిగే కేబిన్లకి అద్దాలు బిగించినోళ్ళం. నీళ్ళ మీద తిరిగేదానికి బిగించలేమేటి?"

అప్పటికి మా పాపకు ఎనిమిది నెలలు. సెలవు అయిపోయి పనిలోకి వచ్చాక నాకు పూర్తిగా అప్పగించిన మొదటి పని అది. పిల్ల పుట్టాక మనిషి పనికి పనికొస్తుందా అన్న ప్రశ్న షెడ్డులో కొందరి ముఖాల్లో కనపడేది. నాక్కూడా అనుమానమే. అందుకే ఈ పనిలో ఒక్క లోపం ఉండకూడదని గట్టిగా అనుకున్నాను.

పడవను ఒడ్డుకు లాగి దిమ్మెల మీద నిలబెట్టారు. ఒక్కో కన్నానికీ అట్ట కోసి అచ్చు తీశాను. అటు నాలుగు, ఇటు నాలుగు, ముందు రెండు. పాత కాన్వాసును కూడా వదలకుండా పరీక్షించి నోటుబుక్కులో రాసుకున్నాను. "కింది అంచుకు హుక్కులు లేవు. కాన్వాసు వదులుగా వేలాడుతోంది. గాలి, వాన లోపలికి వస్తాయి. లోపం." ఈ వాక్యం గుర్తుపెట్టుకో.

సింహాచలం గారు మందపాటి అద్దం, ఇనుప చట్రం అన్నారు. అక్కడ మాత్రం నేను ఎదురు చెప్పాను. విప్పిన పైపుల్నీ కాన్వాసునీ కాటా మీద పెట్టి తూచి, ఆయన అద్దాల బరువు దాని పక్కన రాసి చూపించాను. అంత బరువు పైన పెడితే పడవ ఊగుతుంది. చివరికి అల్యూమినియం చట్రం, అద్దానికి బదులు పగలని ప్లాస్టిక్ షీటు అని తేలింది. ఎండకు ఆ షీటు సాగుతుంది కాబట్టి స్క్రూ కన్నాలు కొంచెం పెద్దవి పెట్టించాను. రబ్బరు చుట్టూ తిప్పించి, బయటినుంచి స్క్రూలు బిగించి, సందుల్లో మైనంలాంటి సీలు పట్టించాను. అది అచ్చం క్రేన్ కేబిన్ పనితనమే.

బిగించడం పూర్తయ్యాక పంపు పెట్టి పది నిమిషాలు నీళ్ళు కొట్టించాం. లోపల ఒక్క చుక్క పడలేదు. సింహాచలం గారు సీట్ల మీద అరచేత్తో రాసి, పొడిగా ఉన్న చెయ్యి అందరికీ చూపించారు.

దుకాలు మాత్రం పక్కలనున్న ఒక్కో కిటికీ దగ్గరికీ వెళ్ళి కింది అంచును అరచేత్తో తోసి చూస్తున్నాడు. ఎనిమిదీ తోశాక నా దగ్గరికి వచ్చాడు. తన ఛత్తీస్‌గఢీలో, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగాడు.

"దీదీ, ఇవి కింద ఊడవా?"

"ఊడవు భయ్యా. తుఫాను వచ్చినా చుక్క నీరు రాదు."

"నీళ్ళు రావు, బాగుంది. మనుషులు ఎలా పోతారు?"

నాకు అర్థం కాలేదు. వెనక తలుపు ఉంది కదా అన్నాను. ఇరవై మందికీ ఆ ఒక్క తలుపేనా అన్నాడు. అప్పుడు చెప్పాడు. వాళ్ళ తండ్రి కాలం నుంచీ పడవకు ఏ తెర కట్టినా పైన కడతారు, కింద కట్టరు. చలి వేస్తోందని జనం గోల పెట్టినా, వానకు కాళ్ళు తడిసినా కట్టరు. కింది హుక్కులు పోలేదు, వాళ్ళే కోసేశారు. ఎవరైనా తెలియక కడతారేమోనని. అతని చిన్నతనంలో ఒకసారి సుడిగాలికి పడవ ఒరిగిపోయింది. లోపల పదకొండు మంది. అందరూ తెర కిందనుంచి ఈదుకుంటూ బయటపడ్డారు. వాళ్ళలో అతని తల్లి కూడా ఉంది.

నేను నోటుబుక్కు తీసి ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఇరవై మంది ప్రాణాలకు వాళ్ళు వదిలిపెట్టిన దారిని నేను లోపం అని రాసుకున్నాను. ఆ తర్వాత ఎంతో శ్రద్ధగా, ఎనిమిది కొలతలు తీసి మరీ, దాన్ని మూసేశాను. దుమ్ము రాకూడని చోట పెరిగిన చేతులు నావి. సందు కనపడితే మూయడమే తెలుసు, అది ఎందుకుందో అడగడం తెలియలేదు.

సంతకం

సింహాచలం గారితో చెప్పాను. ఆయన విన్నారు కానీ ఒప్పుకోలేదు.

"నీకు బయ్యమెక్కువమ్మా. ఎప్పుడో ఒకసారి బోటు పడిందని పనంతా ఇప్పీమంటావేటి? తొమ్మిది రోజుల్లో తనికీ ఉంది. గట్టి కిటికీలు అడిగినారు, గట్టి కిటికీలు ఇచ్చినాం."

"నేను పని పూర్తయినట్టు సంతకం పెట్టలేను సార్."

"ఏటీ?"

"పెట్టలేను సార్."

ఆయనకు ఎదురుతిరిగి ఆ మాట అనడం అదే మొదటిసారి. ఉద్యోగం పోతుందనుకున్నాను. పాప వల్లే ఇలా మెత్తబడిపోయిందని అంటారేమో అని కూడా అనిపించింది. ఆయన డేనియల్ బాబాయ్ వైపు తిరిగారు. బాబాయ్ బీడీ ఆర్పేసి, తాపీగా అన్నాడు.

"నన్నేటి చూస్తావు సేఠ్. లోపలికెళ్ళి కూర్చో, తలుపు నేను మూస్తాను. కిటికీలోంచి బయటికి రా. వస్తే మేడమ్ సంతకం నేను పెట్టిస్తా."

పౌరుషం గల మనిషి, ఎక్కి కూర్చున్నారు. బాబాయ్ తలుపు వేసి గడియ పెట్టాడు. మేం బయట నిలబడి ఆ పారదర్శకమైన కిటికీలోంచి చూస్తున్నాం. ఆయన మొదట చేత్తో తోశారు. తర్వాత భుజంతో కొట్టారు. ఆ తర్వాత సీటు మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళతో తన్నారు. పడవంతా అదిరింది కానీ కిటికీ కదల్లేదు. లోపలినుంచి ఆయన గొంతు సన్నగా వినపడింది.

"సూసినారేటి పనితనం? మరొకడి కిటికీ అయితే ఈపాటికి ముక్కలైపోనాది."

బాబాయ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. ఇంకోసారి తన్నాక ఆయన ఆగిపోయారు. లోపల ఉక్క, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అరచేత్తో షీటు కింది అంచంతా తడిమి చూశారు. బాబాయ్ తలుపు తీశాక దిగి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నారు.

"ఇప్పీండి. ఎనిమిదీ ఇప్పీండి."

నేను పనిచేసిన తొమ్మిదేళ్ళలో ఆయన మీద నాకు కోపం వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. పొగడ్త కోసం తెలియని పనులు ఒప్పుకునేవారు. మా చేత చేయించేవారు, మాట మాత్రం తనదే చెల్లాలనేవారు. అయితే తన పని తప్పని తన ఒంటితో తెలుసుకున్నాక, ఆ తప్పును ఒక్క గంట కూడా మొయ్యని మనిషి. నీకు రాబోయే యజమానులు కోపిష్టివాళ్ళా, మంచివాళ్ళా అని చూడకు. తప్పు తెలిసిన మర్నాడు ఏం చేస్తారో చూడు.

దాయి చెయ్యి

కేవట్‌లు తెరకు చేసిందే మేం కిటికీకి చేశాం. పైన పొడవాటి కబ్జా, అంటే మడతబందు, వేసి, కింద గడియ గానీ బోల్టు గానీ లేకుండా వదిలాం. షీటు చట్రం మీదికి బయటినుంచి రెండు వేళ్ళ మేర దిగేలా పెట్టాం. వాన దాని మీదుగా జారిపోతుంది. లోపలినుంచి తోస్తే బయటికి, పైకి లేస్తుంది. మరి గాలికి ఊరికే లేవకుండా ఏం చెయ్యాలి? దాని గురించి రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. వంటింట్లో అల్మారా తలుపు వేస్తుంటే నాకు తట్టింది. ఆ తలుపును పట్టి ఉంచే చిన్న అయస్కాంతం లాంటివే, తుప్పు పట్టనివి తెప్పించి కింది అంచుకు మూడేసి, వాటికి ఎదురుగా చట్రానికి రంగు వేసిన ఇనుప బిళ్ళలు బిగించాం.

ఎంత బలంతో తోస్తే తెరుచుకోవాలి? పుస్తకాల్లో వెతికాను. డేనియల్ బాబాయ్ మాత్రం, "పడవ ఎక్కేవాళ్ళలో అందరికన్నా బలం తక్కువ ఎవరికి?" అని అడిగాడు. దుకాలు వెళ్ళి వాళ్ళమ్మను తీసుకొచ్చాడు. అందరూ ఆమెను దాయి, అంటే అమ్మ అనే పిలుస్తారు. ఎండిన కట్టెలాంటి మనిషి, ఆనాడు తెర కిందనుంచి బయటపడ్డ మనిషి. కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాం.

దాయి ఒక చేత్తో తోసింది. రాలేదు. రెండు చేతులతో తోసింది. కొంచెం లేచి మళ్ళీ అతుక్కుంది. నా వైపు చూసి ఏదో అంది. దుకాలు నవ్వుతూ చెప్పాడు, "కొత్తకోడల్ని గుమ్మంలో ఆపే పెళ్ళికొడుకు ఇంటి తలుపులా బిగించారు అంటోంది."

ఒక అయస్కాంతం తీసేశాం. దాయి కుడిచేత్తో తోసింది. కిటికీ టక్కున లేచి ఎండలోకి తెరుచుకుంది.

"హౌ," అంది దాయి. "ఖుల్ గే." ఆ, తెరుచుకుంది అని.

మిగతా ఏడింటికీ అదే కొలత. ప్రతి కిటికీ దగ్గరా ఆమెనే కూర్చోబెట్టి తోయించాను. ఎడమచేత్తో కూడా తోయించాను. విసుక్కుంది కానీ చేసింది. ఆ తర్వాత గాలి బాగా వీచే ఒక మధ్యాహ్నం దుకాలు పడవను జలాశయం మధ్యకు తీసుకెళ్ళాడు. ఒక్క కిటికీ కూడా దానంతట అది లేవలేదు. పంపు పెట్టి కొడితే ఈసారి రెండు సీట్ల అంచుల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. నా జీవితంలో నేను పడనిచ్చిన మొదటి చుక్కలు అవి. సంతకం పెట్టాను.

తనిఖీకి వచ్చిన అధికారి కిటికీలన్నీ చూసి, గడియలు ఎందుకు లేవని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సింహాచలం గారు హిందీలో అందుకున్నారు. పడవ కిటికీకి గడియ ఉండకూడదని, అది తెలియకపోతే ఈ పని ముట్టుకోకూడదని, ఆయన పుట్టినప్పటినుంచీ పడవలే చేస్తున్నట్టు చెప్పారు. బాబాయ్ మరోవైపు తిరిగి దగ్గాడు. అధికారి ఒక సీట్లో కూర్చుని మోచేత్తో తోసి చూసి, తెరుచుకున్న కిటికీలోంచి కాసేపు నీళ్ళను చూసి, అనుమతి కాగితం రాశాడు.

ప్రయాణికురాలిగా

ఇంకొన్ని నెలలు చేసి మానేశాను. అత్తగారికి ఒంట్లో బాగోలేదు, పాపను చూసేవాళ్ళు లేరు. బాధపడలేదని చెప్పను. ఆ తొమ్మిదేళ్ళలో నేను చేసిన కేబిన్లలో ఇప్పుడు కూడా ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. వాళ్ళకు నా పేరు తెలియదు. దుమ్ము కూడా తెలియదు, అది చాలు.

మొన్న చలికాలంలో మా ఆయన, పాప, నేను ఆ జలాశయానికి వెళ్ళాం. దుకాలు నన్ను చూసి గట్టిగా పలకరించి, ఎడమవైపు రెండో కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. పడవ నిండింది. మోటారు మీద చెయ్యి వేసి, ఎదురుగా నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు. కిటికీ పక్కన కూర్చున్న ప్రతివాళ్ళూ దాన్ని ఒకసారి తోసి తెరవాలి, మళ్ళీ వేసుకోవాలి. అందరూ తోసేదాకా పడవ కదలదు. కాలేజీ పిల్లలెవరో నవ్వారు, తోశారు. ఒక పెద్దాయన తోశాడు. టక్, టక్ అని వరుసగా తెరుచుకుంటున్నాయి.

పాప ఒళ్ళో ఉంది కదా అని నేను ఊరుకున్నాను. దుకాలు మోటారు తిప్పలేదు.

"దీదీ, మీరు."

"నేను చేసినవే కదా భయ్యా ఇవి."

"చేసింది మీరే. ఇవాళ కూర్చున్నది కూడా మీరే కదా."

పాపను ఎడమచేత్తో పొదివి పట్టుకుని కుడిచేత్తో తోశాను. కిటికీ లేచింది. చల్లటి గాలి ముఖానికి తగిలి పాప కళ్ళు చికిలించింది. వదిలాను, టక్కున పడింది. దుకాలు తలూపి మోటారు తిప్పాడు.